హన్నమ్మగారి ఖుబానీ చుట్టలు

అరవై తొమ్మిదో సంవత్సరం జనవరిలో మా కాలేజీ మూతపడినప్పుడు పది రోజుల్లో తెరుస్తారన్నారు. ఆ పది రోజులు ఎండాకాలం దాకా సాగాయి. తెలంగాణ కావాలని పిల్లలందరూ తరగతులు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. నేనూ మొదటి వారం జెండా పట్టుకుని ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా నడిచినదాన్నే. అది తప్పని ఇప్పటికీ అనను. కాని ఉద్యమం అందరిదీ, బీఎస్సీ రెండో సంవత్సరం పరీక్ష మాత్రం నాది. దాని తేదీ ఒకసారి వాయిదా పడింది, రెండోసారీ పడింది. నోటీసు బోర్డు దగ్గరికి పోయి రావడమే నా చదువైంది.

మా నాన్న దానియేలు హాస్టల్ మెస్సులో వంటవాడు. పిల్లలు ఊళ్లకు పోయేసరికి మెస్సు పొయ్యి ఆరిపోయింది. ఒక సాయంత్రం ఆయన రెండు గరిటెలు, ఒక జల్లెడ గోనెసంచిలో వేసుకుని తార్నాకలో మా ఒంటిగది ఇంటికి వచ్చాడు. అవి ఆయన సొంతం. ఇంకొకరి గరిటెతో ఆయన వండడు. అమ్మ నా ఏడో తరగతిలోనే పోయింది, ఇంట్లో మేమిద్దరమే. మూడువందల మందికి వండే మనిషి చేతికి పని లేకపోతే ఎలా ఉంటాడో నేను అప్పుడే చూశాను. తరిగిన ఉల్లిగడ్డలనే మళ్లీ సన్నగా తరిగేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

మెట్టుగూడలో ఉండే పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేసేది. ఒక ఆదివారం గుడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"ఈస్టరు దాకా చూడు దానియేలు. గప్పటికీ నీకు పక్కా పని దొరకకపోతే, పండుగ తెల్లారి సోమారం పిల్లను నా కాడికి పంపియ్యి. ఒక ఆయా పోస్టు ఖాళీ ఉన్నది. నేను ఆపి పెట్టిన."

"చదువుకుంటున్నది గద వదినె."

"ఏడ చదువుతున్నది? కాలేజీకే తాళం పడె."

నాన్న ఎదురు చెప్పకపోవడంతోనే నాకు భయం పట్టుకుంది. నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. అంతకంటే, ఒకసారి ఆ తెల్లచీర కడితే మళ్లీ నన్ను ల్యాబులో ఎవరూ నిలబెట్టరని నాకు తెలుసు. చదువు మానేసిన మా వాడకట్టు పిల్లలు ఒక్కరూ తిరిగి పోలేదు.

నెల తిరిగాక మెస్సు మేనేజరు కొండలరావు గారు కబురు పంపారు. క్యాంపస్‌లోనే ఉంటున్న ఒక లండన్ ప్రొఫెసర్ ఇంట్లో వంటమనిషి మానేశాడట. ప్రొఫెసర్ భార్య వెంట రాలేదు, ముసలి తల్లి వచ్చింది. ఆమెకు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. నాన్నకు ఇంగ్లీషు రాదు. కనుక నేనూ పోవాలి. అలా నేను బీఎస్సీ విద్యార్థినిగా ఉండాల్సిన కాలంలో వంటింటి దుబాసీనయ్యాను.

మొదటిరోజు ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసింది. డెబ్బై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, తలకు రుమాలు, వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి, పిడికిలి మూసుకోదు. పేరు హన్నా అంది.

"హన్నమ్మ," అన్నాడు నాన్న సంతోషంగా. "మా మేనత్త పేరు గదే."

మా పేర్లు అడిగింది. దానియేలు, ఎస్తేరు. ఆమె రెండుసార్లు అడిగి నిర్ధారించుకుంది, మీరు యూదులా అని. కాదు, క్రైస్తవులం, జనగామ పక్క పల్లె మాది అని చెప్పాను. ఆమె నవ్వింది.

"పోలెండులో నేను పుట్టిన ఊళ్లో మా వీధి వీధంతా ఈ పేర్లే. ఇప్పుడు ఆ వీధిలో ఎవరూ లేరు."

నాన్నకు చెప్పాను. "వలస పోయిన్రా?" అన్నాడు. అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపి, జల్లెడ ఎక్కడుందని అడిగింది.

వారం తిరిగేసరికి నాన్న చేతి వంకాయ కూర, చేపల పులుసు ఆ ఇంట్లో కుదురుకున్నాయి. కారం తగ్గించాడు, అంతే. అప్పుడు హన్నమ్మగారు తన అసలు కోరిక బయటపెట్టింది. ఆమెకు రుగలఖ్ కావాలి. పిండిలో పండ్ల ముద్ద పెట్టి చుట్టి కాల్చే చిన్న చుట్టలు అవి. వాళ్లమ్మ చేసేది, ఆమె చేసేది. ఇప్పుడు చేతులు పనికిరావు. కోడలు కొట్లో కొంటుందట. సుల్తాన్ బజారు నుంచి కొడుకు తెచ్చిన ఎండు ఖుబానీ పండ్లు రుచి చూసినప్పటి నుంచి, ఇవి లోపల పెడితే ఎలా ఉంటుందా అని ఆమెకు నోరూరుతూ ఉంది.

ప్రొఫెసర్ గారు ఆ సాయంత్రం నాతో విడిగా ఒక మాటన్నాడు. యూనివర్సిటీ అతిథిగృహంలో పర్మనెంటు వంటవాడి పోస్టు ఉంది, తను దేశం వదిలేలోపు నాన్న పేరు చెబుతాడు, అయితే వంట సంగతి వాళ్లమ్మే తేల్చాలి, ఆమె సరేనంటే సరే. అప్పటి నుంచి ఆ చుట్టలు నాకు పిండివంటలా కనిపించలేదు. అవి కుదిరితే ల్యాబు. కుదరకపోతే మెట్టుగూడ.

చేసే పద్ధతి వింటే సులువే. మైదాలో వెన్న, పుల్లటి మీగడ కలపాలి. పుల్లటి మీగడకు బదులు గుడ్డలో కట్టి వేలాడదీసిన గేదె పెరుగు వాడదామన్నాడు నాన్న. పిండిని ముట్టీ ముట్టనట్టు కలిపి, ఫ్రిజ్‌లో ఒక రాత్రంతా ఉంచాలి. మర్నాడు చపాతీలా గుండ్రంగా ఒత్తి, ఉడికించి మెదిపిన ఖుబానీ, అక్రోటు ముక్కలు, కిస్మిస్, దాల్చినచెక్క పొడి పరచాలి. ఆ గుండ్రాన్ని నడిమి నుంచి పన్నెండు ముక్కలుగా కోసి, ఒక్కొక్కటి వెడల్పు వైపు నుంచి మొన దాకా చుట్టాలి. లండన్ నుంచి తెచ్చుకున్న చిన్న కరెంటు పొయ్యిలో కాల్చాలి.

నాన్న పిండిలో చేతులు పెట్టగానే మొదలైంది గొడవ. మూడువందల మందికి రొట్టెలు చేసిన పిడికిళ్లు అవి.

"చాలు, చాలు. కొట్టకూడదు. నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నట్టు ఉండాలి," అంది ఆమె.

"గిట్ల ముట్టీ ముట్టనట్టు కలిపితే మైదా కూడుకుంటదా? చెప్పు బిడ్డా ఆమెకు."

రాత్రంతా ఉంచాలన్నప్పుడు ఇంకా చిరాకుపడ్డాడు. "పిండికి పండుకునుడేంది? హాస్టల్ల పొద్దుగాల కలిపితే పది కొట్టేసరికి అందరూ తిని పోయేటోళ్లు." ఆమె ముందు తలూపి, పిండిని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ఆమె కునుకు తీసిన వేళ చూసి బయటికి తీసేవాడు. సాయంత్రం ఆమె అడిగితే, పిండి పడుకుందని చెప్పమనేవాడు.

అది దాని పగ తీర్చుకునేది. పొయ్యిలో వెన్న కరిగి కారిపోయేది. ఖుబానీ పొంగి పళ్లానికి నల్లగా అంటుకునేది. చుట్టలు విప్పుకుని వెల్లకిలా పడేవి. హన్నమ్మగారు ఒకటి తీసి, విరిచి, లోపలికి చూసి, కింద పెట్టేది.

"ఇది కాదు."

అంతే. తిట్టేది కాదు. ఏం తప్పో చెప్పేది కాదు. తిట్టినా బాగుండును. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆమె ఆ మాట తొమ్మిదిసార్లు అంది. ప్రతిసారీ దాన్ని నేను నాన్నకు అప్పజెప్పాలి. ఒకటి రెండుసార్లు ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత నాకు విసుగొచ్చింది. "పర్వాలేదట, ఇంకోసారి జెయ్యమన్నది," అనేదాన్ని. నాన్న, "ముసలామెకు నోరు సచ్చింది," అని గొణిగితే, "మళ్లీ ప్రయత్నిస్తానంటున్నాడు," అని ఆమెకు చెప్పేదాన్ని. ఇద్దరి మాటలూ కత్తిరించి కుట్టడం నాకు బాగా అలవాటైపోయింది. ఇద్దరూ ఎదుటివాళ్లు చెప్పేది వినడం లేదు, అప్పుడు నేను పూర్తిగా చెప్పినా లాభమేముందని నా వాదన.

ఒకరోజు ఆమె ఆగలేక తనే పీట దగ్గరికి వచ్చింది. కోసిన ముక్క తీసుకుని చుట్టబోయింది. మొన దాకా వచ్చేసరికి వేళ్లు వంగలేదు, అది జారి కింద పడింది. ఆమె చేతులు రెండూ ఏప్రాన్ కింద దాచుకుని కిటికీ వైపు తిరిగింది. నాన్న ఆ ముక్కను నేల మీంచి తీశాడు.

"ఆమె చేతులు ఆడుతలేవు. గందుకే నా చేతుల మీద పడుతున్నది," అన్నాడు మెల్లగా.

అది మాత్రం నేను ఏ భాషలోకీ మార్చలేదు.

మార్చి ఆఖరి రోజు, సోమవారం, నోటీసు బోర్డు మీద కొత్త కాగితం అంటించారు. పరీక్షలు మళ్లీ వాయిదా. ఈసారి తేదీ కూడా లేదు, తదుపరి ప్రకటన వరకు అని ఉంది. ఈస్టరు ఇంకా ఆరు రోజులుంది. కాగితం చింపాలనిపించింది. చింపితే మాత్రం ఏమొస్తుంది. క్యాంపస్ రోడ్డు మీద పోలీసు వ్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని దాటుకుని ప్రొఫెసర్ ఇంటికి వచ్చేసరికి నా తల వేడెక్కిపోయి ఉంది.

నాన్న కూరగాయలకు పోయాడు. వంటింట్లో హన్నమ్మగారు ఒక్కతే అలమరాలు కడుగుతోంది. మైదా డబ్బా ఖాళీ చేసి, కడిగి, వెనక మెట్ల మీద ఎండలో బోర్లించింది. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టి చెప్పడం మొదలెట్టింది. బుధవారం సాయంత్రం నుంచి మా పండగ. ఎనిమిది రోజులు. మీ నాన్న రావక్కర్లేదు. ఈ ఇంట్లో పిండి గాని, రొట్టె గాని, బిస్కెట్టు గాని... ఆమె చెబుతూనే ఉంది. నేను వింటున్నట్టే నిలబడ్డాను. నా కళ్ల ముందు ఆ నోటీసు కాగితమే కదులుతోంది. అవునవునని తలూపి, ఆమె ఇంకా ఏదో అంటుండగానే సంచి తీసుకుని బయటపడ్డాను.

దారిలో నాన్న ఎదురయ్యాడు. చేతిలో కూరల సంచి.

"ఎనిమిది దినాలు రావొద్దన్నది," అన్నాను.

"ఎందుకట?"

"నాకేం ఎరుక. అన్నీ నన్నే అడుగుతవు."

నాన్న ఆ కూరలు ఇంటికి తెచ్చాడు. ఆ రోజు వండలేదు, తరగలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పని పోయిందని ఆయన అనుకుంటున్నాడని నాకు తెలుసు. పండగేదో అన్నదని ఒక్క మాట చెప్పొచ్చు. కాని చెబితే, ఏం పండగ, తర్వాత ఏమన్నది, ఎప్పుడు రమ్మన్నది అని వంద అడుగుతాడు. వాటికి నా దగ్గర జవాబు లేదు. అందుకని నోరు మూసుకున్నాను.

మంగళవారం సాయంత్రం గుడిలో ఈస్టరు ముందటి శ్రమల వారం ప్రార్థన. అక్కడి నుంచి నాన్న వేరే మనిషై తిరిగొచ్చాడు. చెప్పులు విడవకుండానే మొదలెట్టాడు.

"పస్కా పండుగ బిడ్డా. గీ వారమే యూదులకు పస్కా అని అయ్యగారు వాక్యంల చెప్పిండు. గందుకే రావొద్దన్నది. పనిలకెల్లి తీసెయ్యలే, పండుగకు సెలవిచ్చింది. నీకు చెప్పకపాయె?"

"ఏమో అన్నది."

"పండుగనాడు ఆ ముసలామె ఒక్కతి ఏం తింటది? పులిసిన రొట్టె ముట్టరు వాళ్లు, మోషే కాలం నుంచి గంతే. పులియకుండ జేస్త. ఈసారి ఎట్ల కాదంటదో చూస్త."

బోర్లించిన మైదా డబ్బా నాకు గుర్తొచ్చింది. పిండి గాని రొట్టె గాని అన్న మాట కూడా గుర్తొచ్చింది, దాని తర్వాతిది మాత్రం రాలేదు. చెబితే నేను వినలేదని ఒప్పుకోవాలి. బైబిలు సంగతి నాకంటే నాన్నకే బాగా తెలుసు కదా అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి, రెండు నెలల తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూసి దాన్ని ఆర్పడం నా వల్ల కాలేదు.

బుధవారం పొద్దున్నే ఆయన పాలవాళ్ల ఇంటికి పోయి తాజా మీగడ తెచ్చాడు. పెరుగు వద్దన్నాడు, అది పులుస్తుంది. పులుపు కోసం నిమ్మకాయ పిండాడు, అందులో పులియబెట్టేదేమీ లేదు. సోడా పొట్లం ఇంట్లోనే ఉండకూడదని, మాకు గది అద్దెకిచ్చిన ఇంటామె శివమ్మకు ఇచ్చేశాడు. అన్నిటికంటే నాకు ఆశ్చర్యమేసింది ఆయన చేతులు చూసి. వేళ్ల కొనలతో కలిపాడు, గుప్పిట పట్టలేదు, గుద్దలేదు. మాకు ఫ్రిజ్ లేదు. ఐసు గడ్డ కొనుక్కొచ్చి, ఊకలో పాతి, దాని మీద గిన్నె పెట్టి తడిగోనె కప్పాడు.

"తెల్లారేదాక ఎవ్వరు ముట్టొద్దు. పండుకోనియ్యి," అన్నాడు.

గురువారం పొద్దున డేక్సాలో ఇసుక పోసి పొయ్యి మీద పెట్టాడు. బిర్యానీకి దమ్ము పెట్టినట్టు మూత మీద కూడా నిప్పులు పోశాడు. కరెంటు పొయ్యి సంగతి ఆయనకు ఎన్నడూ నచ్చలేదు, నిప్పుల సంగతి మాత్రం ఆయనకు తెలుసు. నేను ఖుబానీ గింజలు పగలగొట్టి లోపలి పప్పు తీశాను, అదీ కలిపాడు. ఇరవై నాలుగు చుట్టలు, పళ్లెంలో పేర్చి ఇసుక మీద దించాడు. వాసన వాకిలి దాటింది. ఇంటామె శివమ్మ కిటికీలోంచి, "ఏంది దానియేలన్నా, ఏం కాలుస్తున్నవు," అని రెండుసార్లు అడిగింది.

మూత తీశాక ఇద్దరం వంగి చూశాం. ఒక్కటీ విప్పుకోలేదు. ఖుబానీ ఒక్క చుక్క కారలేదు. పొరలు పొరలుగా పొంగి, గోధుమరంగులో, మొన అడుగున అణిగి కూర్చున్నాయి. నేను ఒకటి తీసుకోబోతే నాన్న చేతి మీద కొట్టాడు.

"ఆమె నోట్లె పడ్డంకనే మనం."

తెల్లగుడ్డ కప్పిన పళ్లెం రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు నడిచాడు. క్యాంపస్ గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ ఆపి, గుడ్డ ఎత్తి చూశాడు. వరసగా చుట్టి పేర్చిన వాటిని చూసి ఇవేమిటన్నాడు. "పండుగవి సారు. ముట్టుకోకుండ్రి," అన్నాడు నాన్న. ఆ గొంతులో ఏముందో గాని, అతను గుడ్డ మళ్లీ సరిగా కప్పి పొమ్మన్నాడు.

హన్నమ్మగారే తలుపు తీసింది. తెల్లబట్టలు కట్టుకుంది. ఆమె వెనక ఇల్లంతా కడిగి ఉంది, బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. నాన్న నవ్వుతూ పళ్లెం ముందుకు చాచి గడప మీద కాలు పెట్టాడు. ఆమె రెండు అరచేతులూ అడ్డం పెట్టింది.

"దానియేల్, ఆగు."

నాన్న ఒక కాలు గడప మీదే ఉంచి ఆగిపోయాడు. ఆమె నా వైపు చూసింది.

"సోమవారం నీకు చెప్పాను కదా. ఈ ఎనిమిది రోజులు పిండితో చేసిందేదీ ఈ గడప లోపలికి రాకూడదని."

నాన్నకు భాష తెలియకపోయినా అరచేతులు అర్థమయ్యాయి. "పులవలేదమ్మా," అన్నాడు గబగబా. "సోడా లేదు, పెరుగు లేదు. మీ పద్ధతి నాకు ఎరుకే. చెప్పు బిడ్డా."

చెప్పాను. గుడ్డ కొస తొలగి కనిపిస్తున్న చుట్టలను చూస్తూ ఆమె అడిగింది. "పిండి కలిపాక ఎంతసేపు ఉంచాడు?"

"రాత్రంతా. మీరు చెప్పినట్టే."

ఆమె కళ్లు మూసుకుంది. "పిండికి తడి తగిలి పద్దెనిమిది నిమిషాలు దాటితే మా లెక్కలో అది పులిసినట్టే. ఇన్నాళ్లూ పడుకోబెట్టమని నేను మొత్తుకుంటే వినలేదు. ఈవేళ విన్నాడు."

"ఏమంటున్నది?" అన్నాడు నాన్న.

ఇప్పుడు కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు. పద్దెనిమిది నిమిషాల సంగతి చెప్పాను. తర్వాత మిగతాదీ చెప్పాను. "నాయినా, సోమారం నాడే చెప్పింది నాకు. పండుగ అని చెప్పింది, పిండి తేవొద్దని చెప్పింది. నేను మొత్తం ఇనలే. ఇన్నది కూడ నీకు చెప్పలే."

హన్నమ్మగారికి నా గొంతును బట్టి తెలిసిపోయింది. "ఇంకా రెండు చెప్పాను. నువ్వు సంచి తీసుకుని వెళ్లిపోయావు. గొడవలు ముదురుతున్నాయని మేము వచ్చే మంగళవారమే వెళ్లిపోతున్నాం. మీ నాన్న గురించి మా అబ్బాయికి అప్పుడే చెప్పేశాను. రుగలఖ్ రాకపోతేనేం, అతను మంచి వంటవాడని. అబ్బాయి అతిథిగృహంలో మాట్లాడాడు."

అదీ నాన్నకు చెప్పాను. ఒక్క ముక్క వదలలేదు. చెబుతుంటే నాకు సిగ్గుతో ముఖం మండిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. గడప మీంచి కాలు తీసి, వెనక్కి తగ్గి, పళ్లెం వరండా మెట్టు మీద పెట్టాడు. తొమ్మిదిసార్లు చెడి పదోసారి కుదిరిన వస్తువు, కుదరక్కర్లేని రోజున, తినకూడని ఇంటి ముందు ఉంది. నన్ను నేను చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

ఆమె లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందనుకున్నాను. పేము కుర్చీ ఒకటి మోచేతులతో లాక్కుంటూ వచ్చి, గడపకు లోపలి పక్కన వేసుకుని కూర్చుంది.

"ఒకటి విరవమను."

నాన్న మెట్టు మీద కూర్చుని ఒకటి విరిచాడు. పొరలు పెళుసుగా విడిపోయాయి. రెండు సగాలూ ఆమెకు కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. ఆమె ముందుకు వంగి చాలాసేపు చూసింది.

"ఇదే," అంది.

నేను చెప్పక ముందే నాన్నకు తెలిసింది.

"తినమను. నువ్వూ తిను. ఎలా ఉందో నాకు చెప్పు. ఈసారి ఏదీ వదలొద్దు."

మేమిద్దరం మెట్టు మీద కూర్చుని తిన్నాం. నేను చెప్పాను. పైన పలచగా, పంటి కింద విరుగుతోంది. లోపలికి పోతే మెత్తగా ఉంది. ఖుబానీ ముందు తియ్యగా, తర్వాత పుల్లగా తగులుతోంది. దాల్చినచెక్క వాసన ముక్కులోకి వస్తోంది. గింజల పప్పు కొద్దిగా చేదు. అడుగు ఒక పక్క మాడింది.

"ఏ పక్క?"

"మొన ఉన్న పక్క."

"మా అమ్మవీ అక్కడే మాడేవి," అంది ఆమె. వాచిన చేతులు ఒళ్లో పెట్టుకుని, మేము నాలుగు తినేదాకా అలాగే కూర్చుంది.

మిగతావి తిరిగి తెచ్చుకున్నాం. దారిలో నాన్న కోప్పడితే బాగుండునని నేను ఎదురుచూస్తూ నడిచాను. తార్నాక మలుపు దగ్గర పళ్లెం చేతులు మార్చుకుంటూ అన్నాడు.

"నువ్వు సగమే చెప్పినవు బిడ్డా. నేను రెండు నెలలు సగమే ఇన్న. ఇద్దరం ఇద్దరమే."

మంగళవారం వాళ్లు వెళ్లిపోయారు. అతిథిగృహం వాళ్లు మాట తప్పలేదు గాని, గొడవలు సద్దుమణిగి గదులు తెరిచాకే అన్నారు. కనుక ఈస్టరు మర్నాడు సోమవారం నేను మెట్టుగూడ పోక తప్పలేదు. తెల్లచీర కట్టాను, కళ్లు తిరిగి రెండుసార్లు పడ్డాను, పెద్దమ్మ చేత తిట్లు తిన్నాను. ఆ ఏడాది అందరికీ పోయింది. నాకు ఇంకో ఏడాది కూడా పోయింది. నాన్న పోస్టు ఖాయమయ్యాక, నాకంటే చిన్న పిల్లల పక్కన కూర్చుని బీఎస్సీ రెండో సంవత్సరం మళ్లీ చదివాను.

మా ఇంట్లో మారింది మాత్రం ఇంకొకటి. మరుసటి ఏడు, ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం వెళ్లిన మంగళవారం నాన్న మైదా డబ్బా, గోధుమపిండి డబ్బా ఖాళీ చేసి పిండంతా శివమ్మ ఇంట్లో పెట్టి వచ్చాడు. ఎనిమిది రోజులు. ఈస్టరు నాడు వాడకట్టంతా కేకులు తింటుంటే మా ఇంట్లో అన్నం, పాయసం. ఎనిమిది రోజులు దాటాకే డేక్సాలో ఇసుక పోసి ఖుబానీ చుట్టలు కాల్చేవాడు. అప్పటికి అందరి పండగా అయిపోయేది. మేమేదో కొత్త మతంలో కలిశామని గుడిలో కొందరు అనుకున్నారు. ఆమెది వేరే లెక్క, మన మట్టలాదివారంతో ప్రతి ఏడూ కలవదు, ఆమె ఎక్కడుందో కూడా మనకు తెలియదు అని నేను పోట్లాడేదాన్ని. ఆయన వినేవాడు. పూర్తిగానే వినేవాడు. విని, డబ్బా ఖాళీ చేసేవాడు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. నాకు ఆ పని ఇప్పటికీ చిరాకే, ఆ వారమంతా చపాతీ లేకుండా నాకు గడవదు. గొణుక్కుంటూనే పిండి తీసుకుపోయి పక్కింట్లో ఇస్తాను. డబ్బా కడిగి, వెనక మెట్ల మీద ఎండలో బోర్లిస్తాను.